చేతులకు సుట్టీ

"హ్యాండ్స్ ఫ్రీ అంటే చేతులకు సుట్టీ అన్నట్టు కాకా" అంటూ వెంకటేశ్ కొత్త ఫోను మీది బొత్తాన్ని చూపించి నవ్వినప్పటి నుంచి అంబాదాస్‌కు ఒళ్ళు మండుతూనే ఉంది. సుట్టీ అట, సెలవట. తన చేతులు సెలవు మీద పోయి రెండేళ్ళు దాటింది, కుడిది మోచేతి కింది నుంచి, ఎడమది మణికట్టు నుంచి, పోయినవి ఇక రావు, వాటికి కొత్తగా ఇచ్చే సెలవేముంది. వెంకటేశ్ చెడ్డవాడు కాదు. చిన్నప్పుడే పోలియోతో ఒక కాలు సన్నబడిపోయినవాడు, వికలాంగుల కోటాలో ఈ ఎస్టీడీ బూతు తెచ్చుకున్నాడు, కుంఠా నాకా పేటలో అందరికీ కావలసినవాడు. కానీ ఆ నవ్వు. మనం మనం ఒకటే అన్నట్టు నవ్వే ఆ నవ్వు. నువ్వు కుంటివాడివి నాయనా, నీ పది వేళ్ళూ నీకున్నాయి, వాటితో తంబాకు నలుపుకుంటున్నావు, ముక్కు మీద ఈగ వాలితే తోలుకుంటున్నావు, నువ్వూ నేనూ ఒకటెట్లా అవుతాం. పాత ఫోనప్పుడు ఇంకో రకం నరకం. వెంకటేశ్ రిసీవరు పట్టుకుని తన చెవికి ఆనించేవాడు, సున్నం వాసన కొట్టే వేళ్ళు చెంపకు తగులుతుంటే, ముఖం తిప్పుకోవడానికి కూడా లేక, తన మాట వాడికీ వినిపిస్తుందని తెలిసీ మాట్లాడేవాడు. ఇప్పుడు ఎవరూ పట్టుకోనక్కర్లేదు. బొత్తాం నొక్కితే చాలు, అవతలి గొంతు డబ్బాలోంచి బయటికి వస్తుంది. పక్క సందులో మగ్గాల టకటక చెవులు పగలగొడుతుంది కాబట్టి వెంకటేశ్ ఆ గొంతును పూర్తిగా పెంచుతాడు. బూతులో ఉన్నవాళ్ళందరూ వింటారు. ఒకరు వినే నరకం పోయి నలుగురు వినే నరకం వచ్చింది, దాని పేరు సుట్టీ.

మూడు గంటలకు భీవండి నంబరు కలిసింది. అది పెంటప్ప పనిచేసే కార్ఖానా పక్క చాయ్ హోటలు నంబరు, బీడీల గోదాములో పెంటప్ప చెల్లెలు కనిపిస్తే తన పెళ్ళాం ద్రౌపది బతిమాలి రాయించుకు వచ్చింది. "కౌన్ పెంటప్పా? సైజింగ్‌వాలా? బులాతా హూఁ, పంద్రా మినిట్ బాద్ కరో" అని ఎవడో అరిచి పెట్టేశాడు. పావుగంట. రెండేళ్ళు ఆగిన మనిషి పావుగంట ఆగలేడా అనుకుని బల్ల మీద కూర్చున్నాడు కానీ, ఈ పావుగంట ఆ రెండేళ్ళ కంటే పొడుగ్గా ఉంది. సోమవారం కామ్‌గార్ ఆఫీసులో, చేతులకు పరిహారం ఇప్పించమని పెట్టుకున్న అర్జీకి ఆఖరి పిలుపు. పోయినసారి అక్కడి సాహెబ్ కాగితాలు చూసి, నువ్వు తాగి మిషన్ మీద పడ్డావని మీ సేఠ్ రాసిచ్చాడు, కాదనే మనిషిని ఒక్కణ్ణి తీసుకురా, ఒక్కడు చాలు అన్నాడు. ఒక్కడే ఉన్నాడు. ఆ రోజు మిషన్‌కు అటు పక్క తాను, ఇటు పక్క పెంటప్ప. వాడు ఆసుపత్రికి కూడా రాలేదు. పన్నెండేళ్ళు ఒకే గంజి వాసనలో పక్కపక్కన నిలబడ్డవాడు, తన డబ్బాలోంచి రొట్టె తుంచుకు తిన్నవాడు, తెల్లారేసరికి భీవండి పోయాడు. రక్తం చూసి భయపడ్డాడేమో అని తనే సర్దిచెప్పుకున్నాడు ఇన్నాళ్ళూ. భయపడితే మాత్రం ఒక కార్డు ముక్క రాయకూడదా. రాసే వేళ్ళు వాడికి ఉన్నాయి కదా.

ముక్కు దురద పెట్టింది. భుజానికేసి రాసుకున్నాడు, అందలేదు. ద్రౌపదిని పిలవొచ్చు, బూతు మెట్టు మీదే కూర్చుంది, పిలవడు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి బతుకంతా నోటి మీదే నడుస్తోంది. గుండీ పెట్టు. నీళ్ళు పట్టు. వీపు గోకు, అక్కడ కాదు, పైకి, ఇంకా పైకి. లుంగీ విప్పు. ఆ మాట చెప్పడానికి మొదటి నెలంతా నోరు రాక, ఆపుకుని ఆపుకుని కడుపు నొప్పి తెచ్చుకున్నాడు. అసలు తాను మాటల మనిషి కాడు. నూలుకు గంజి పట్టించే సైజింగ్ కార్ఖానా మోతలో మాట ఎవరికి కావాలి, అక్కడ చేతులే మాట్లాడేవి. రెండు వేళ్ళు ఎత్తితే గంజి చిక్కబడింది నీళ్ళు కలుపు అని, అరచెయ్యి ఊపితే నెమ్మది అని, పిడికిలి బిగిస్తే ఆపు అని. పన్నెండేళ్ళు పెంటప్పతో అట్లాగే మాట్లాడాడు, జోకులు కూడా వేళ్ళతోనే వేసుకునేవాళ్ళు, సేఠ్ బొజ్జ ఎట్లా ఊగుతుందో ఒక్క చేత్తో చూపిస్తే పెంటప్ప పడీ పడీ నవ్వేవాడు. ఆ భాష పోయింది. మిగిలింది ఈ అడుక్కునే భాష. ఇది చెయ్యి, అది చెయ్యి, ఇంతసేపా, ఎన్నిసార్లు చెప్పాలె. తన గొంతు తనకే సేఠ్ గొంతులా వినిపిస్తుంది ఒక్కోసారి. ఏ పనీ ముట్టుకోకుండా నోటితో చేయించేవాళ్ళను చూస్తే చిన్నప్పటి నుంచి అసహ్యం, ఇప్పుడు తానే ఆ మనిషి అయ్యాడు, తేడా ఏమిటంటే సేఠ్ చెబితే ఊరు పరుగెత్తుతుంది, తాను చెబితే పెళ్ళాం నిట్టూరుస్తుంది.

ద్రౌపది ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఇక్కడికి కూడా తెచ్చుకుంది. ఆకు, పొగాకు, మడత, దారం, పక్కకు. ఆకు, పొగాకు, మడత, దారం, పక్కకు. ఆ వేళ్ళు కళ్ళతో పని లేకుండా తిరుగుతాయి, ఆమె వీధిలోకి చూస్తున్నా తిరుగుతాయి, తనతో పోట్లాడుతున్నా తిరుగుతాయి. ఆ వేళ్ళే తనకు అన్నం పెడుతున్నాయి, ఆ వేళ్ళ మీదే తనకు ఒళ్ళు మంట, ఇది చెప్పుకునే మాట కాదు. ఆసుపత్రిలో మెలకువ వచ్చినప్పుడు ఆమె ముఖమే ముందు కనిపించింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయింది. మొదటి మాట ఏమంది? నొప్పిగా ఉందా అనలేదు. అయ్యో అనలేదు. "పొద్దుగాల తాగినవా?" అంది. అంతకు ముందు రాత్రి మేనమామ కొడుకు పెళ్ళిలో శింది కల్లు తాగిన మాట నిజం. పొద్దున తాగలేదు. తాగలేదని చెప్పాడు. ఆమె తల ఊపింది, నమ్మిందో లేదో ఆ ఊపులో తెలియలేదు, ఆ తరువాత ఎన్నడూ అడగలేదు, అడగకపోవడమే నమ్మలేదని చెప్పినట్టు రెండేళ్ళ నుంచి ఇద్దరి మధ్యా ఉంది. పేటలో అందరూ అనే మాట ఆమె ఒక్కతీ అనకపోతే చాలుననుకున్నాడు. ఆమే ముందు అన్నది.

ఆమెను ఏమని తిట్టగలడు, తనకే తెలియదే. అదే అసలు విషం. ఆ రోజు రోలరుకు నూలు చుట్టుకుపోయింది, కత్తితో కోసి తీయాలి, తీసే ముందు హ్యాండిల్ కిందికి లాగి మిషన్ ఆపాలి. లాగాడా? లాగాడు. లాగకుండా చెయ్యి పెట్టేవాడెవడు, పన్నెండేళ్ళలో ఒక్కనాడైనా పెట్టాడా. కానీ గుర్తు చేసుకోబోతే, లాగినట్టు కనిపించేది ఆ రోజుదో, ముందు రోజుదో, అంతకు ముందు వెయ్యి రోజులదో. రోజూ చేసిన పని ఏ రోజుదని గుర్తుంటుంది. ఆ సంగతి చేతికి తెలుసు. చెయ్యి పోయింది. తనకు మెలకువ రాకముందే సేఠ్ రాజారాం పది మందిలో అన్నాడు, ఆసుపత్రికి పండ్లు పట్టుకుని వచ్చి మరీ అన్నాడు, తాగిన మైకంలో మిషన్ ఆపడం మరిచావు అంబ్యా, నీ ఖర్మ అని. మన పద్మశాలీ మనిషి, మార్కండేయుడి రథం ముందు పట్టు కండువా వేసుకుని నడిచే మనిషి, అబద్ధం ఎందుకు ఆడతాడని అందరూ అనుకున్నారు, తాను కూడా కొన్ని రాత్రులు అనుకున్నాడు. కుడిచెయ్యి రోలర్ల మధ్యకు పోయినప్పుడు ఎడమచెయ్యి దాన్ని లాగడానికి వెళ్ళింది. చేతులు అంత మంచివి. ఒకదాని కోసం ఒకటి పోయాయి. మరిచిపోయింది ఎవరు, తానా?

"కాకా, పావుగంట అయింది" అన్నాడు వెంకటేశ్. బూతులో ఇంకా ఇద్దరున్నారు. మిల్లులో పనిచేసి దిగిపోయిన ముసలి నర్సయ్య, ఫోనుతో పని లేకపోయినా రోజూ వచ్చి పేపరు చదివేవాడు. చేతిలో మడతపెట్టిన కాగితంతో తన వంతు కోసం నిలబడ్డ ఒక కాలేజీ పిల్ల. ఇద్దరూ బయటికి వెళ్తే బాగుండును. వెళ్ళమని చెప్పడానికి నోరు రాలేదు, ఇంకా ఎన్ని చెప్పాలి ఈ నోటితో. అంబాదాస్ నంబరు ఒక్కొక్క అంకే చెబుతుంటే వెంకటేశ్ నొక్కాడు. రెండుసార్లు బిజీ. మూడోసారి కలిసింది. హోటలువాడు ఎవరినో కేకేశాడు, గ్లాసుల చప్పుడు, తరువాత డబ్బా నిండా ఒక ఊపిరి. ఆ ఊపిరి పెంటప్పదేనని మాట రాకముందే తెలిసింది.

"అన్నా" అన్నాడు పెంటప్ప. "మంచిగున్నవా?"

మంచిగున్నానట. గొంతులోకి వచ్చిన తిట్టును మింగాడు. పని కావాలి ముందు. "పెంటప్పా, సోమారం నాడు కామ్‌గార్ ఆఫీసుకు రావాలె. నేను ఆ పొద్దు తాగలేదని ఒక్క మాట చెప్పాలె. గంతే. ఇంకేం అడగ."

"నువ్వు తాగలే అన్నా. నాకెర్కనే."

మెట్టు మీద ద్రౌపది వేళ్ళు ఆగాయి. అంబాదాస్ అటు చూడలేదు. చూడకుండానే తెలిసింది, ఆకు కత్తెర చాటలో పడ్డ చప్పుడుకి.

"ఎర్కుంటె వచ్చి చెప్పు మరి."

"రాలేనన్నా."

"ఎందుకు రావు? బస్సు లేదా? కాళ్ళు లేవా?"

"వస్తె గా ఒక్క మాట అడిగి ఊకుంటరా? మిషిను ఎవలు సాలు జేసిండ్రని అడుగుతరు."

అంబాదాస్‌కు మిషన్ ఎవరు నడిపించారనే మాట అర్థం కాలేదు. "ఎవలు సాలు జేసుడేంది? నేను బందు జెయ్యలేదని గదా సేఠ్ అంటున్నది. సాలు ఉన్నదాంట్లనే చెయ్యి పెట్టిన్నట."

"బందు జేసినవ్." అన్నాడు పెంటప్ప. "నువ్వు బందు జేసినవన్నా. బందు జేసి, కిందికి వంగి నూలు కోస్తున్నవ్. నాకు అటు దిక్కు నువ్వు కనవడలే. సేఠ్ ఆఫీసు దర్వాజల నిలవడి ఒర్లిండు, ఏయ్ పెంట్యా, సాలు జెయ్‌రా, టైము పోతున్నది అని. నేను హ్యాండిల్ ఎత్తిన. నేనే ఎత్తిన. మిషిను బందుండె గన్కనే గా మాట నాకు ఇనవడ్డది, లేకుంటె గా మోతల ఎట్ల ఇనవడ్తది, నువ్వే చెప్పు."

నువ్వే చెప్పు. చెప్పడానికి ఏముంది. ఆపాను. నేను ఆపాను. రెండేళ్ళు, ప్రతి తెల్లవారుజామున, లేని చేతిని ఉన్నట్టు ఊహించుకుని హ్యాండిల్ మీద పెట్టి, లాగావా లాగలేదా అని దాన్నే అడిగాడు, దొంగను పోలీసు అడిగినట్టు అడిగాడు, ఆ చెయ్యి అన్నేళ్ళు తప్పు చేయని చెయ్యి, చచ్చాక కూడా దాన్ని నిలబెట్టి అడిగాడు. పండ్లు తెచ్చాడు సేఠ్. మోసంబీలు. ద్రౌపది వాటిని ఒలిచి తన నోట్లో పెట్టింది, తాను తిన్నాడు, రసం గడ్డం మీద కారితే ఆమె తుడిచింది, సేఠ్ నిలబడి చూశాడు. ప్యాంటు జేబుల్లో రెండు చేతులూ పెట్టుకుని చూశాడు. ఆ రోజు కూడా గుమ్మంలో అట్లాగే నిలబడి ఉంటాడు, చేతులు జేబుల్లోంచి తీసి ఉండడు, ఏదీ ముట్టుకోలేదు, నోరు తెరిచాడు అంతే, పని అయిపోయింది. ఇక పెంటప్ప. పెంటప్ప చెయ్యి. తనతో వేళ్ళతో జోకులు వేసిన చెయ్యి. వంగి చూస్తే ఏమి పోయేది, రెండడుగులు వేసి చూస్తే ఏమి పోయేది. లేని పిడికిళ్ళు రెండూ బిగుసుకున్నాయి, లేని గోళ్ళు లేని అరచేతుల్లో దిగాయి, ఆ నొప్పి మాత్రం నిజంగా ఉంది, డాక్టర్లు లేదన్నా ఉంది. దగ్గరుంటే వాణ్ణి చంపేవాడు. దేనితో చంపుతాడు? తలతో గుద్దేవాడు. పళ్ళతో కొరికేవాడు.

"తెల్లారే నన్ను బస్సెక్కిచ్చిండన్నా. ఈడ పని కూడ ఆయినె చూపిచ్చిండు. నోరు తెరిస్తె హ్యాండిల్ ఎత్తినోడివి నువ్వే, జైలుకు నువ్వే పోతవన్నడు. చిన్న చిన్న పోరగాండ్లు అన్నా. నేను రాను. నన్ను తిట్టు, సాపిచ్చు, రాను." డబ్బాలోంచి ఏడుపు వచ్చింది. మగవాడి ఏడుపు, పెద్దగా, దగ్గుతో కలిసి, బూతు అంతా నిండిపోయింది. వాడు ఒక్కడికి చెప్పుకుంటున్నాననుకుంటున్నాడు. ఇటు ఐదుగురు వింటున్నారని వాడికి తెలియదు. చెప్పాలా, స్పీకరులో ఉన్నావురా అని? అంబాదాస్ నోరు మూసుకున్నాడు. అవతల ఎవరో "కట్ కర్, ధందే కా టైమ్ హై" అన్నారు. ఫోను పెట్టేశారు.

నర్సయ్య పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. చెప్పులు వెతుక్కుంటూ "నాకైతే ఏం ఇనవడలే నాయనా, చెవులు మందమైనయి" అని ఎవరూ అడగకుండానే అన్నాడు. పేపరులోని ప్రతి సంగతీ, పక్కింటి ప్రతి పోట్లాటా తెలిసిన మనిషి, మెట్టు దిగి, ద్రౌపది చాటను దాటుకుని ఎండలోకి పోయాడు. పో. నీ కొడుకు సేఠ్ దగ్గర గుమాస్తా అని తెలుసు, పో. కాలేజీ పిల్ల కాగితాన్ని మడతలు పెడుతూనే ఉంది, అది ఇక మడత పడనంత చిన్నదైంది.

"వెంకటేశ్, ఇంకో నంబరు కలుపు" అన్నాడు అంబాదాస్. కార్ఖానా గేటు మీద ఎర్ర రంగుతో రాసి ఉండే నంబరు, పన్నెండేళ్ళు రోజూ దాని కిందుగా లోపలికి పోయాడు, అక్షరాలు అంతగా రాకపోయినా ఆ అంకెలు కళ్ళలో ఉన్నాయి. మొదటి మూడు అంకెలు విన్నాకే వెంకటేశ్ చెయ్యి ఆగిపోయింది.

"కాకా, అది సేఠ్‌ది గదా. ఈ దుకాణం రూము ఆయిన బామ్మర్దిది. నన్ను లేపేస్తరు కాకా."

వాడి తప్పేముంది, వాడికి ఇది తప్ప ఏముంది, అని లోపల ఎవరో అన్నారు, ఆ అన్నవాణ్ణి కూడా అంబాదాస్ తన్నేశాడు. ఎడమ మొండిని బొత్తాల మీద పెట్టాడు. రెండు బొత్తాలు ఒక్కసారే దిగాయి. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ రెండు. డబ్బా కీచుమంది. చెమట కంట్లోకి కారింది, తుడుచుకునే దిక్కు లేదు. అప్పుడు ద్రౌపది చాట కింద పెట్టి లేచి వచ్చింది. కొంగుతో అతని కళ్ళు తుడిచింది. చెప్పకుండానే తుడిచింది. పుట్టి బుద్ధెరిగి ఫోను ముట్టుకోని మనిషి, ఆకు కోసి కోసి గీతలు పడ్డ చూపుడు వేలును బొత్తాల ముందు పెట్టి, "చెప్పు" అంది.

అతను చెప్పాడు. ఆమె నొక్కింది. ఒక్కో అంకెకీ వెతుక్కుంటూ, గట్టిగా, గోడకు మేకు దించినట్టు నొక్కింది. వెంకటేశ్ స్టూలు మీద అటు తిరిగి కూర్చున్నాడు కానీ స్పీకరు ఆపలేదు.

"హలో, రాజారాం బోల్తోయ్" అంది డబ్బా. భోంచేసి పడుకుని లేచిన గొంతు.

"నేను అంబాదాస్‌ను."

"ఎవలు? అంబ్యా? ఏందిరా, సోమారం గుర్తుందా? ఇంకా టైమున్నది, అర్జీ వాపస్ దీస్కో, నీకే మంచిది."

"పెంటప్ప చెప్పిండు సేఠ్. మిషిను బందుండె. నువ్వే ఒర్లినవ్ సాలు జెయ్యమని."

ఇన్నేళ్ళలో ఆ మనిషి మాట తడబడగా ఎప్పుడూ వినలేదు. అబద్ధం అంటాడనుకున్నాడు. వాడెవడు, వాడేం చెప్పాడు, ఎక్కడున్నాడు అంటాడనుకున్నాడు. డబ్బాలో గరగర. తరువాత గొంతు తగ్గించి, ఆఫీసులోవాళ్ళకు వినపడకుండా అన్నట్టు, సేఠ్ ఒక్కటే అడిగాడు:

"నీ పక్కన ఎవలెవలున్నరు?"

అంబాదాస్ నోరు తెరిచేలోపే ద్రౌపది ఫోను మీదికి వంగింది. ఎక్కడ మాట్లాడాలో తెలియక బొత్తాల మీద నోరు పెట్టి అరిచింది. "నేనున్న. ద్రౌపదిని. ఆయిన పెండ్లాన్ని. అంతా ఇన్న. మోసంబీలు పట్టుకొని వచ్చినవ్ కదరా ఆసుపత్రికి, నా చేతులతోటి ఒలిపిచ్చి తినిపిచ్చినవ్ కదరా." ఆమె ఊపిరి తీసుకునే సందులో, వెనక నుంచి సన్నగా, "నేను కూడా విన్నా. పద్మ నా పేరు" అంది కాలేజీ పిల్ల. అన్నాక తానే భయపడి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అటు తిరిగిన వెంకటేశ్ వీపు కదిలింది.

అవతల పెట్టేశారు. స్పీకరులోంచి కూఁ అని ఒకటే మోత. ద్రౌపదికి అది తెలియలేదో, తెలిసినా అక్కరలేదో, ఆపలేదు. "తాగిండంటివి. తాగిండని నాతోటి కూడ అనిపిచ్చినవ్. నా మొగనితోటి రెండేండ్లు సరింగ మాట్లాడలే నేను, నీ పాడె గట్ట, నీ నోట్లె మన్ను వడ, రెండేండ్లు" అంటూ ఆ మోత మీదే అరుస్తోంది, మెడ నరాలు ఉబ్బి, జుట్టు ఊడి, ఎండలో పోయేవాళ్ళు ఆగి లోపలికి తొంగి చూస్తున్నా అరుస్తోంది. వెంకటేశ్ ఇటు తిరిగి ఫోను ఆపేయడానికి చెయ్యి చాచాడు.

"ఉండనీ" అన్నాడు అంబాదాస్. "అననీ."